విభీషణుడు విశ్వాసఘాతకుడా?

మన తెలుగు లోగిళ్లలో తరచుగ వినవచ్చు సామెత యొకటి కలదు: ‘ఇంటిగుట్టు లంకకు చేటు’. ఇంటి రహస్యము వీధికెక్కినచో ఇల్లు గుల్లయగునని పెద్దలు పిల్లలకు చేయు హెచ్చరిక ఇది. కాని ఈ సామెతను పలుకునపుడు మనము ఎవరిని నిందించుచున్నామో ఆలోచింపము. లంకకు చేటు తెచ్చెనని సామెత వేలెత్తి చూపు ఆ ఇంటివాడు విభీషణుడు. ఆయననే మన పూర్వాచార్యులు విభీషణాళ్వారని గౌరవించిరి. శరణాగతి ధర్మమునకు ఆయన చరిత్రమునే ప్రధానోదాహరణముగ గ్రహించిరి. ఉదయము తిరువారాధన వేళ ఆ శరణాగతుని తలచి, మధ్యాహ్నము అదే నోటితో ఆయనను ఇంటిదొంగగ చేయుట మన వైష్ణవ గృహములలో నిత్యము జరుగుచున్నదే. సామెత తప్పా? ఆచార్యుల మాట తప్పా? లేక విశ్వాసమను మాటకు మనము చెప్పుకొను అర్థమునందే ఏదైన లోపమున్నదా?

మొదట పదములను పరిశీలింతము. విశ్వాసమను సంస్కృత పదము శ్వాసకు సంబంధించినది. ‘శ్వస్’ ధాతువునకు ఊపిరి పీల్చుట యని అర్థము. ఎవరి సన్నిధిలో భయము లేక నిశ్చింతగ ఊపిరి తీయగలమో వారియందు మనకు విశ్వాసము. విధేయత అట్టిది కాదు. ఒకరు విధించినట్లు నడచుకొనువాడు విధేయుడు. అందు ప్రేమ యుండవచ్చును, లేకపోవచ్చును. సెలవు చీటీ మొదలు అప్పీలు దరఖాస్తు వరకు ‘ఇట్లు తమ విధేయుడు’ అని సంతకము చేయువాడు ఆ అధికారి ముఖమునైనను చూచి యుండడు. భక్తికి మూలమైన ‘భజ్’ ధాతువునకు సేవించుట, పంచుకొనుట యను అర్థములు కలవు. ఇక ‘ఉప్పు తిన్న విశ్వాసము’ అనునపుడు మనము కృతజ్ఞతను ఉద్దేశించుచున్నాము. ఇన్ని వేరువేరు గుణములను ఒకే మూటగట్టి, ఎవరైన మన మాట వినకపోగానే ఆ మూట విప్పి ‘విశ్వాసము లేనివాడు’ అని ఒక్క పదముతో కొట్టివేయుదుము. తిన్నింటి వాసాలు లెక్కపెట్టెనని మరియొక పోటు పొడుతుము.

అచ్చ తెలుగులో ఒక చక్కని మాట యున్నది: నమ్మినబంటు. ఎవరు ఎవరిని నమ్మిరి? ఏలికను నమ్మిన బంటా, ఏలిక నమ్మిన బంటా? మాటలో రెండర్థములును ఇమిడియున్నవి. ఒకవైపు మాత్రమే నమ్మిక యున్నచోట ఆ పేరు చెల్లదు. ఉప్పు లెక్కలో ఈ రెండవ వైపు కానరాదు. తిండి పెట్టినవాడే ఏలిక, అతడేమి చెప్పినను చేయవలసినదే యని ఆ లెక్క.

ఆ లెక్క మన విశాఖపట్టణపు తీరముననే ఒకనాడు తలక్రిందులైనది. 1780 అక్టోబరు 3వ తేదీన, హైదరాలీతో జరుగుచుండిన యుద్ధమునకై ఓడనెక్కి సముద్ర మార్గమున మద్రాసుకు పొమ్మని ఈస్టిండియా కంపెనీ ఇక్కడి సిపాయిలను ఆజ్ఞాపింపగా వారు తిరుగబడిరి. కొందరు ఐరోపా అధికారులు హతులైరి. కంపెనీ పత్రములలో అది విశ్వాసద్రోహము. కొన్ని తరముల తరువాత వ్రాసినవారికి అది స్వాతంత్ర్య స్ఫూర్తి. చంపుటను నేను సమర్థింపను. కాని ఒకే దినము, ఒకే మనుష్యులు, ఒకే పని. పేరు మాత్రము చెప్పువాని పీఠమును బట్టి మారినది. విశ్వాసమను పదమును ఎక్కువగ ప్రయోగించునది దానిని కోరువాడే గాని దానిని కలిగినవాడు కాడని దీనివలన తోచుచున్నది.

పదునాలుగేండ్లకు, అనగా 1794 జూలై 10వ తేదీన, గోస్తనీ నదీతీరమున అనంతపద్మనాభస్వామి వెలసిన పద్మనాభము వద్ద మరియొక ఘట్టము జరిగెను. పేష్కషు బాకీల విషయమున కంపెనీ విజయనగర ప్రభువైన పూసపాటి విజయరామరాజును రాజ్యము విడిచి మచిలీపట్నమునకు పోయి పింఛను పుచ్చుకొని బ్రతుకుమన్నది. ఆయన అట్లు పోక తనవారితో పద్మనాభమున నిలిచెను. కల్నల్ ప్రెండర్గాస్టు నడపిన సేన తెల్లవారుజామున దాడి చేసినది. రాజు నేలకొరిగెను, ఆయన వెంటనున్న దొరలు, బంధువులు పలువురు ఆయన చుట్టుననే ప్రాణములు విడచిరి. సింహాచల క్షేత్రమునకు వంశపారంపర్య ధర్మకర్తలైన ఆ వంశమునెరిగిన మన యాత్రికులకు ఈ కథ క్రొత్త కాదు. అక్కడ పడినవారికి గెలుపు మీద ఆశ యుండెనని తోచదు. జీతముతోడి లెక్కయైనచో ముందునాటి రాత్రియే ముగిసియుండవలసినది. వారిని నిలిపినది ఉప్పు కాదు. తమతో కూడ నిలిచియున్న మనిషి.

అయితే ఒక ప్రశ్న మిగులును. ప్రాణమిచ్చుటయే విశ్వాసమునకు కొలత యైనచో కుంభకర్ణునికంటె విశ్వాసపాత్రుడు మరియొకడు లేడు. నిదుర లేచిన వెంటనే అన్నను మందలించెను. నీవు చేసినది తప్పని సభలో చెప్పెను. చెప్పి, ఆ తప్పుకొరకే యుద్ధమునకు పోయి చచ్చెను. లోకము అతని నిందింపదు. నిజము చెప్పవలెనన్న కొంత జాలిపడును, కొంత మెచ్చుకొనును. అదే లోకము అదే తల్లి కడుపున పుట్టిన విభీషణుని నిందించును. మరణించినవానిపై మనకు కనికరము సులభము. బ్రతికి, పైగా రాజ్యము కూడ పొందినవానిపై అనుమానము ఇంకను సులభము.

ఈ అనుమానమును మనము దాచుకొన పనిలేదు. వాల్మీకి మహర్షియే దాచలేదు. విభీషణుడు సముద్రముదాటి వచ్చి ఆకాశమున నిలిచినపుడు సుగ్రీవుడు అడిగినది ఇదే: ఆపదలో అన్నను విడచినవాడు రేపు ఎవరిని విడువడు? గట్టి ప్రశ్న. హనుమంతుడైనను విభీషణునకు రాజ్యాపేక్ష లేదని చెప్పలేదు. వాలి హతుడై సుగ్రీవుడు పట్టాభిషిక్తుడగుట విని, తానును రాజ్యము కోరియే వచ్చియుండవచ్చునని చెప్పి, అయినను స్వీకరింపదగినవాడే యనెను. శ్రీరామచంద్రుని సమాధానమో, మరియు విచిత్రము. అన్నదమ్ములందరు భరతునివంటివారు కారనియు, కొడుకులందరు తనవంటివారు కారనియు, మిత్రులందరు సుగ్రీవునివంటివారు కారనియు స్వామి చెప్పెను. అనగా విభీషణుని ప్రవర్తన లోకోత్తరమని వాదింపలేదు. అతడు నిర్దోషియని తీర్పు చెప్పలేదు. శరణన్నవానికి అభయమిచ్చుట తన వ్రతమని మాత్రము చెప్పెను. రావణుడే వచ్చినను ఇచ్చెదననెను.

కాబట్టి స్వామి స్వీకరించుట వేరు, విభీషణుడు చేసినది ధర్మమా కాదా యనుట వేరు. మొదటిది కరుణకు సంబంధించినది. రెండవది మన విచారణకు సంబంధించినది. శరణాగతి గొప్పదని చెప్పి రెండవ ప్రశ్నను దాటవేయుట ఉపన్యాసకులలో నొక అలవాటుగ కనబడుచున్నది. దానివలన సామెత యథాస్థానమున నిలిచియే యున్నది.

విభీషణుడు చేసిన పనులను వరుసగ చూడుడు. హనుమంతుని చంపుమని రావణుడు ఆజ్ఞాపించినపుడు దూతను చంపరాదని ఎదురుగ నిలిచి చెప్పినవాడు ఆయన. అన్న ఇంటికి పోయి ఏకాంతమున చెప్పెను. నిండు సభలో చెప్పెను. ఇంద్రజిత్తు పిరికివాడని హేళన చేసినను చెప్పెను. రావణుడు కులద్రోహి యన్నట్లు పరుషములాడి, ఈ మాటలు మరియొకడు పలికినచో బ్రతికియుండడని పలికిన పిమ్మట, గద చేతబట్టి నలుగురు అనుచరులతో అందరు చూచుచుండగ లేచి నిలిచెను. వెడలిపోవుచు కూడ నిన్నును నగరమును రక్షించుకొనుము, నేను లేక సుఖముగ నుండుమని అన్న క్షేమమునే కోరెను. రాముని ఎదుట తానెవరో, ఎవరి తమ్ముడో దాచలేదు. భార్యను, బిడ్డలను లంకలోనే విడచి వచ్చెను. ఇది ఇంటిగుట్టు రట్టు చేయువాని పద్ధతి కాదు. ద్రోహి ఇంటిలోనే యుండును, నవ్వుచుండును, అన్నము తినుచుండును, రాత్రివేళ కిటికీ తెరచును. విభీషణుడు పగటివేళ వాకిటి తలుపు తీసికొని పోయినాడు.

మన రేవులో నొక పద్ధతి కలదు. 1933 అక్టోబరు 7వ తేదీన జలదుర్గ యను ఓడ ప్రవేశించినది మొదలు వేలకొలది నౌకలు డాల్ఫిన్స్ నోస్ కొండ ప్రక్కనున్న ఇరుకు కాలువగుండ లోపలి రేవునకు వచ్చుచున్నవి. ఆ చోటు తెలిసిన పైలట్ ఓడపైకెక్కి దారి చూపును. నౌకాధిపతి అతని మాట ననుసరించును. అయినను ఓడ బాధ్యత నౌకాధిపతిదే. పైలట్ పొరబడుచున్నాడని స్పష్టముగ కనబడినపుడు మర్యాదకై మిన్నకుండి ఓడను రాతికి కొట్టనిచ్చినచో నౌకాన్యాయము అతనిని మన్నింపదు. అనుసరించుట, హెచ్చరించుట ఒకే ధర్మములోనివని సముద్రము మీద బ్రతుకువారు చాలకాలము క్రిందటనే గ్రహించిరి. రావణుని సభలో ప్రహస్తాదులు అనుసరించుట మాత్రమే నేర్చినవారు.

అయినను యుద్ధములో విభీషణుడు నికుంభిలకు దారి చూపెను గదా! ఇంద్రజిత్తు చావునకు కారకుడయ్యెను గదా! అవును. ఇక్కడ సామెతకు కొంత ఆధారమున్నది. ఇంద్రజిత్తు అక్కడ పినతండ్రిని ముఖముమీదనే నిందించెను. పరులు గుణవంతులైనను, స్వజనులు గుణహీనులైనను, స్వజనులే మేలని అతని వాదము. ఆ వాదమును మనలో ననేకులు నేటికిని నమ్ముచున్నాము. కులము పేర, ఊరు పేర, పార్టీ పేర దానినే పలుకుచున్నాము. విభీషణుడు దానికి బదులు చెప్పెను. కాని తరువాత వాల్మీకి చూపిన దృశ్యమునే మరువరాదు. అన్నకొడుకును చంపదలచినను కన్నీరు కన్నులకు అడ్డుపడుచున్నది, ఈ పని లక్ష్మణుడే చేయవలెనని ఆయన చెప్పెను. విశ్వాసము లేనివాని కన్నులకు నీరు అడ్డురాదు. ఆయనలో అన్నయందలి మమకారము చావలేదు. దానికంటె పైదొకటి పుట్టినది. పైది పుట్టినంత మాత్రమున క్రిందిది నొప్పి పెట్టకుండునని శాస్త్రమెన్నడును చెప్పలేదు.

ఆ పైదానికి మన సంప్రదాయము శేషత్వమని పేరు పెట్టినది. ఇతరుని అతిశయము కొరకే ఏది ఉన్నదో అది శేషమని భగవద్రామానుజులు నిర్వచించిరి. ప్రణవములోని ఉకారము జీవుడు నారాయణునకే గాని అన్యులకు శేషుడు కాడని తెలుపునని రహస్యత్రయ వ్యాఖ్యానములు చెప్పును. దీనిని విన్న కొందరు, అయినచో తల్లిదండ్రులకు, యజమానికి, దేశమునకు మనము ఏమియు కామా యని తొందరపడుదురు. అట్లు కాదు. వారందరికిని మనము చేయు సేవ ఒక హద్దులోనిది. ఆ హద్దును నిర్ణయించునది ఆ మూలసంబంధము. హద్దు లేని విధేయతను మనుష్యుడు మనుష్యుని అడుగరాదు, అడిగినను ఈయరాదు.

ఆ ఒక్క స్వామికి సైతము విశ్వాసము ఒకే రూపమున నుండదు. రాముడు వలదన్నను వెంటబడి అడవికి పోయినవాడు లక్ష్మణుడు. రమ్మని తాను బ్రతిమాలినను స్వామి ఆజ్ఞను తలదాల్చి పాదుకలతో మరలినవాడు భరతుడు. శత్రుఘ్నునకు భరతుడే చాలెను. వెంటపోవుట, నిలిచిపోవుట, వెంటపోవువారిని సేవించుట మూడును విశ్వాసములే. వీరిలో నెవ్వనిని మరియొకని కొలతతో కొలిచినను ద్రోహిగనే తేలును.

సింహగిరి మెట్లెక్కు ప్రతి యాత్రికునకు ప్రహ్లాదుని కథ తెలియును. స్థలపురాణము ననుసరించి, ఆ బాలుని సముద్రమున త్రోసి పైన పర్వతమునుంచగ, స్వామి ఆతురతతో దుమికి ఆతనిని రక్షించినది ఇచ్చటనే. హిరణ్యకశిపుని దృష్టిలో ప్రహ్లాదునికంటె కృతఘ్నుడు లేడు. పెట్టినది తిని, గురువుల ఇంట చదివి, తండ్రి శత్రువును పొగడినాడు. అయితే ఈ కథలో నన్ను ఎక్కువగ ఆకర్షించినది స్తంభము పగిలిన తరువాతి ఘట్టము. శ్రీనృసింహుడు వరము కోరుకొమ్మనగ ప్రహ్లాదుడు, లాభము నాశించి కొలుచువాడు సేవకుడు కాడు, వర్తకుడని విన్నవించినట్లు భాగవతము చెప్పుచున్నది. తన కొలువునకు ధర కట్టవలదని స్వామినే వారించెను.

సింహాద్రినాథునికి సంబంధించిన మరియొక ఐతిహ్యము దీనికి సరిజోడు. సింహగిరి వచనములు రచించిన కృష్ణమాచార్యులు పాడుచుండగ స్వామి ఆడెడివాడట. రామానుజులు వారిని కలిసి, మీకు మోక్షము కలదో లేదో స్వామినడుగుడనిరట. అడుగగ, నీవు పాడితివి, నేను ఆడితిని, లెక్క సరిపోయినదన్న అర్థము వచ్చునట్లు స్వామి బదులిచ్చెననియు, మోక్షమునకు రామానుజులను ఆశ్రయింపుమనెననియు చెప్పుదురు. కాలగణనము తెలిసినవారు కృష్ణమాచార్యులు రామానుజులకు తరువాతివారని ఆక్షేపింతురు. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. కథ మాత్రము చేదుమందువంటిది. ఎంతటి సేవయైనను ప్రతిఫలముతో ముడిపడిన క్షణమున కొలువు గాక కూలియగును. కూలి తప్పు కాదు. దానిని విశ్వాసమని పిలుచుటయే తప్పు.

ఈ కొలతలను పట్టుకొని నేటి మన నగరము వైపు చూడవలెను. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అను నినాదము పుట్టినపుడు అమృతరావుగారు నిరాహారదీక్షకు కూర్చుండిరి. నవంబరు 1వ తేదీన ఈ ఊరిలో కాల్పులు జరిగినవి. రాష్ట్రమంతట 32 మంది ప్రాణములు కోల్పోయిరని లెక్క. 1970 ఏప్రిల్ 17న శ్రీమతి ఇందిరాగాంధీ కర్మాగారమును ప్రకటించిరి. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగినది. 1992 ఆగస్టు 1న అది జాతికి అంకితమైనది. పలు గ్రామములవారు పొలములతోపాటు ఇండ్లను, ఇలవేల్పుల గుడులను విడిచి కదలిరి. 2021 జనవరిలో ఆ సంస్థలోని తన వాటాలను పూర్తిగ విడువ కేంద్ర ప్రభుత్వము సూత్రప్రాయముగ నిశ్చయింపగ కార్మికులు కూర్మన్నపాళెము వద్ద రిలే దీక్షలు మొదలిడిరి. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సహాయము ప్రకటింపబడినది. అమ్ముట మంచిదా, నిలుపుట మంచిదా యను లెక్క ఆర్థికవేత్తలది. దానిలోనికి నేను పోను.

కాని పదప్రయోగము మన విషయమే. యజమాని నిర్ణయమును ఎదిరించిన ఉద్యోగి అవిధేయుడా? అడిగినచో అతడు, నేను కర్మాగారమునకు విధేయుడననును. ఇది మాటల గారడీ యని త్రోసివేయదగదు. అక్కడి ఊదుకొలుములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ యని పేర్లు పెట్టుకొనిరి. అట్టి కొలిమిని సాయంకాలము ఆర్పి ఉదయము వెలిగించుటకు వీలుపడదు. దీక్షా శిబిరమున కూర్చుండి, తన వంతు రాగానే లేచి పోయి ఆ వేడిమి ముందు నిలబడువానిలో విభీషణుని పద్ధతి కొంత యున్నది: ఎదుటనే చెప్పుట, పేరు దాచకుండుట, విభేదించినను ఇంటి క్షేమము కోరుట. ఇక పని ఎగవేయుటకు ఉద్యమమును చాటు చేసికొనువాడును, పదవి కొరకు పై మాటకెల్ల తలయూపువాడును ఒకే దుకాణపు వర్తకులు. సరకు మాత్రము వేరు. భూములిచ్చిన కుటుంబముల సంగతి చెప్పునపుడు నాకు నోరాడదు. వారినుండి త్యాగమును విశ్వాసమని పేరుపెట్టి తీసికొన్నవారు, ‘నమ్మినబంటు’లోని రెండవ అర్థమును ఎంతవరకు చెల్లించిరో ఆ కుటుంబములలో ఇంకను ఉద్యోగమునకై ఎదురుచూచినవారినే అడుగవలెను.

రామాయణములో యుద్ధము ముగిసిన పిమ్మటి మాట మిగిలియున్నది. రావణుడు కూలినపుడు మొదట విలపించినవాడు విభీషణుడే. కాని అంత్యక్రియలు చేయుమని రాముడు చెప్పగ ఆయన వెనుదీసెను. ధర్మమును విడచినవానికి, పరస్త్రీని చెరబట్టినవానికి నేను సంస్కారము చేయజాలననెను. ఇంతకాలము అన్నతో పోరిన ధర్మమే ఇప్పుడు కాఠిన్యముగ మారుచున్నట్లు తోచును. అప్పుడు శ్రీరాముడు, వైరములు మరణముతో తీరునని, మన పని నెరవేరినదని, ఇతడు నీకెట్లో నాకును అట్లేయని చెప్పి అతనిని ఒప్పించెను. ప్రహ్లాదుని విషయమునను ఇదే జరిగినది. తనకై వరము కోరనివాడు తండ్రి పాపము పోవలెనని మాత్రము కోరెను. స్వామి అనుగ్రహించి, తండ్రికి ఉత్తరక్రియలు జరుపుమని ఆజ్ఞాపించెను. విభీషణుడు చితికి నిప్పంటించి, స్నానము చేసి, తడిబట్టలతోనే తిలోదకములు వదలి, ఏడ్చుచున్న రావణుని స్త్రీలను ఓదార్చి లంకలోనికి పంపి, తిరిగి వచ్చి రాముని ప్రక్కన వినయముతో నిలిచెను.